వీధిలో మిగిలిపోయిన సైనికులకు మళ్లీ ఇల్లు, మళ్లీ పని: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమెరికాలో ఇల్లు లేక రోడ్ల పక్కన, కార్లలో, షెల్టర్లలో బతుకుతున్న మాజీ సైనికుల గురించి గత సంచికలో ఈ శీర్షికలో రెండు పేరాలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అక్కడ స్థిరపడిన తెలుగువారి నుంచి వచ్చినవే. జాలిపడుతూ రాసిన ఉత్తరాలకు నేను చెప్పగలిగింది తక్కువ కాబట్టి, ఏదైనా చేయాలని ఉండి ఎలాగో తెలియక అడిగినవారి ప్రశ్నలను మాత్రమే ఇక్కడ తీసుకున్నాను.

ప్రశ్న: నేను ఆఫీసుకు వెళ్లే దారిలో ఫ్రీవే వంతెన కింద ఒకాయన ‘వెటరన్’ అని రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడి ఉంటారు. వయసు అరవై దాటి ఉంటుంది. ఒకటి రెండు డాలర్లు చేతిలో పెట్టి వచ్చేస్తాను కానీ, రోజంతా మనసులో ఏదో వెలితిగా ఉంటుంది. నిజంగా సైన్యంలో పనిచేసిన మనిషేనా అన్న అనుమానం కూడా లేకపోలేదు. నావంటివారు చేయగలిగింది ఏమైనా ఉందా?
— హ్యూస్టన్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ అనుమానం సంగతి. అది తీర్చుకునే పని మీది కాదు. వెటరన్స్ అఫైర్స్ శాఖతో, అంటే అక్కడ అందరూ వి.ఏ. అని పిలిచే శాఖతో, కలిసి పనిచేసే సంస్థల దగ్గర స్క్వేర్స్ అనే ఆన్‌లైన్ పద్ధతి ఉంది. మనిషి పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు వంటి వివరాలు అందులో పెడితే ఆయన సైనిక సేవ గురించి, ఏ కార్యక్రమానికి అర్హుడన్న దాని గురించి వెంటనే తెలుస్తుంది. కాబట్టి మీరు ఏ యుద్ధం, ఏ రెజిమెంటు అని ఆరా తీయనక్కర లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ అడగవద్దు.

మీరు చేయవలసింది ఒక ఫోన్ కాల్. ఇల్లు లేని మాజీ సైనికుల కోసం వి.ఏ. నడిపే ఉచిత నంబరు 1-877-424-3838. రాత్రీ పగలూ ఎత్తుతారు. ఆయన తరఫున మీరే చేసి ఏ చోట ఉంటారో చెప్పవచ్చు. అయితే ఒక రోజు పది నిమిషాలు ముందుగా బయలుదేరి, ఆయనతో మాట కలిపి, ఒప్పుకుంటే మీ ఫోనే ఆయన చేతికిచ్చి మాట్లాడించడం ఇంకా మేలు. ఎందుకంటే తర్వాత దగ్గరలోని వి.ఏ. ఆసుపత్రి నుంచి సోషల్ వర్కర్ ఆయన్ను వెతుక్కుంటూ రావలసి ఉంటుంది. వంతెన కింద మనిషి రేపు ఇంకో వంతెన కింద ఉంటాడు. పోలీసులు సామాను తీయించిన రోజున ఫోనూ పోతుంది, నంబరూ మారుతుంది. చాలా కేసులు తెగిపోయేది ఇక్కడే. అందువల్ల రోజూ అదే దారిన పోయే మీవంటి వారు ‘ఆయన ఇప్పుడు ఫలానా మూల దగ్గర ఉన్నారు’ అని ఆ సోషల్ వర్కర్‌కు ఒక మెసేజ్ పెట్టడం మీరు ఇచ్చే డాలర్ల కంటే విలువైన సాయం. ఆయన ప్రాణం తీసుకునే మాటలు మాట్లాడితే మాత్రం ఈ నంబరు కాదు, 988కి చేసి 1 నొక్కాలి.

ఫోన్ తర్వాత వచ్చేది కాగితాల ఘట్టం. సైన్యం నుంచి విడుదలైన ప్రతివారికీ డి.డి. 214 అనే పత్రం ఇస్తారు. సేవాకాలం, విడుదల స్వభావం అన్నీ అందులోనే ఉంటాయి. నేను వారాంతాల్లో వంట చేయడానికి వెళ్లే షెల్టరులో ఒక పెద్దాయన ఆ కాగితాన్ని రొట్టె కవరులో చుట్టి, దాన్ని ఇంకో కవరులో పెట్టి, చొక్కా లోపల దాచుకునేవారు. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయి, విడుదల తేదీ ఉండవలసిన చోట చిన్న కన్నం మిగిలింది. ఆ కన్నం చూసి ఒక గుమాస్తా ‘ఇది చెల్లదు’ అన్నాడని ఆయన ఆరు నెలల పాటు మళ్లీ ఏ ఆఫీసు గడపా తొక్కలేదు. నిజానికి ఆ పత్రం నకలు సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రానికి దరఖాస్తు పెడితే, సంతకం మాత్రం ఆయనదై ఉంటే, డబ్బు కట్టకుండానే వస్తుంది. 1973 జూలై 12న ఆ కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయిన ఫైళ్లు ప్రధానంగా 1960కి ముందు సైన్యం నుంచి, 1964కి ముందు వైమానిక దళం నుంచి విడుదలైన వారివి. అరవై దాటిన మీ మనిషి ఆ కాలం వారు కారు కాబట్టి ఆయన ఫైలు ఉండి తీరాలి. ఉత్తరాలు అందుకోవడానికి చిరునామా లేదన్నది అడ్డు కాకూడదు. పోస్టాఫీసులో జనరల్ డెలివరీ పేరు మీద వచ్చిన ఉత్తరాన్ని అక్కడికే వెళ్లి తీసుకోవచ్చు.

మీది హ్యూస్టన్ కాబట్టి ఇంకొక మాట. 2015లో మీ నగరం మాజీ సైనికుల నిరాశ్రయతను ‘ఆచరణలో అంతం చేశాం’ అని ప్రకటించింది. మరి ఈయన ఎవరు అని మీరు అడగవచ్చు. ఆ ప్రకటనకు అర్థం వీధిలో ఒక్కరూ లేరని కాదు, కొత్తగా వీధిన పడినవారికి త్వరగా ఇల్లు చూపే ఏర్పాటు నిలదొక్కుకుందని. ఆ ఏర్పాటు కంటికి ఆనని మనిషి ఎప్పుడూ ఒకడు ఉంటాడు. ఏర్పాటు వట్టిది కాదనడానికి లెక్కలు ఉన్నాయి. దేశం మొత్తం మీద 2010 జనవరిలో ఒక రాత్రి లెక్కపెడితే ఇల్లు లేని మాజీ సైనికులు 74,087 మంది తేలారు. 2024 జనవరిలో 32,882 మంది. అదే 2024లో అన్ని రకాల నిరాశ్రయుల సంఖ్య 7,71,480కి పెరిగింది. తక్కినవారి సంఖ్య పెరుగుతుంటే వీరిది సగానికి పైగా తగ్గిందంటే, డబ్బూ మనుషులూ ఒకే పని మీద కలిసి నిలిచినందువల్లే.

ప్రశ్న: మాకు అద్దెకిచ్చే ఇళ్లు మూడు ఉన్నాయి. మాజీ సైనికుడికి వోచర్ మీద ఇల్లు ఇస్తారా అని ఒక సంస్థవారు అడిగారు. అద్దె సరిగా వస్తుందా, ఇల్లు పాడవుతుందా అని మా ఆవిడకు భయం. మీ అభిప్రాయం చెప్పండి.
— డాలస్ దగ్గర నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ దగ్గరకు వచ్చినది బహుశా హడ్-వాష్ వోచర్. గృహనిర్మాణ శాఖ అద్దె భారం మోస్తుంది, వి.ఏ. ఒక కేస్ మేనేజరును, అంటే ఆ మనిషి బాగోగులు కనిపెట్టుకుని ఉండే ఉద్యోగిని, ఇస్తుంది. ఈ రెండూ ముడిపడి ఉండటమే దీని ప్రత్యేకత. 1992లో చిన్నగా మొదలై, 2008 నుంచి పెద్ద ఎత్తున విస్తరించి, ఇప్పుడు లక్షకు పైగా వోచర్లకు చేరింది. అద్దెకు ఉండే మనిషి తన ఆదాయంలో సుమారు 30 శాతం కడతాడు. మిగతాది స్థానిక గృహనిర్మాణ సంస్థ నేరుగా మీ ఖాతాలో వేస్తుంది. కాబట్టి అద్దె సంగతికి వస్తే, మామూలు అద్దెదారు ఉద్యోగం పోతే మీకు కలిగే చిక్కు కంటే ఇక్కడ చిక్కు తక్కువ. ఆదాయం పడిపోతే ఆయన వాటా తగ్గి, సంస్థ వాటా పెరుగుతుంది.

చిక్కులు లేవని మాత్రం చెప్పను. ఇల్లు ఇచ్చే ముందు తనిఖీ ఉంటుంది. పొగ వస్తే మోగే అలారం లేకపోయినా, కిటికీ గడియ పడకపోయినా, వేడినీళ్లు రాకపోయినా తిప్పి పంపుతారు, మళ్లీ తేదీ ఇచ్చేసరికి రోజులు గడుస్తాయి. మొదటి నెల చెల్లింపు ఆలస్యం కావడం తరచుగా జరిగేదే. మీ ఇంటి రుణం వాయిదా ఆ అద్దె మీదే ఆధారపడి ఉంటే, మొదటి రెండు నెలలకు సరిపడా చేతిలో ఉంచుకోండి. చుట్టుపక్కల అటువంటి ఇళ్లకు వచ్చే అద్దెను మించి అడిగితే ఒప్పుకోరు. ‘కాగితం మీద ఇంత, చేతికి ఇంకొంత’ అన్న బేరం చట్టవిరుద్ధం. మన వాళ్లలో కొందరు అది మామూలే అనుకుంటారు కాబట్టి విప్పి చెబుతున్నాను. అడ్వాన్సు డిపాజిట్‌ను సాధారణంగా ఈ వోచర్ ఇవ్వదు. ఎస్.ఎస్.వి.ఎఫ్. అనే మరో వి.ఏ. కార్యక్రమం ద్వారా డబ్బు అందుకునే స్థానిక సంస్థలు దాన్ని కట్టగలవు. మీ దగ్గరకు వచ్చినవారిని ఆ సంగతి మొదటి రోజే అడగండి.

ఇల్లు పాడవుతుందన్న భయానికి నా దగ్గర ఉన్నది ఒక ఇంటి కథ. నాకు తెలిసిన ఒక తెలుగు దంపతులు ఇలాగే ఇచ్చారు. నెల రోజుల తర్వాత కుళాయి బాగుచేయించడానికి వెళితే, దానంగా వచ్చిన మంచం మీద ప్లాస్టిక్ కవరు తీయకుండానే ఉంది. ఆయన వీధి తలుపుకు వీపు ఆనించి నేల మీద దుప్పటి పరుచుకుని పడుకుంటున్నారు. గోడకు మేకు కూడా కొట్టలేదు. ఇల్లు తనదని నమ్మడానికి ఆయనకు నాలుగు నెలలు పట్టిందట. పాడు చేసేవారు ఉండరని కాదు, కానీ ఇంటివారు ఎదుర్కొనేది ఎక్కువగా ఇటువంటి విషయం: కరెంటు బిల్లు ఎలా కట్టాలో మరిచిపోవడం, పాత స్నేహితులు చలికి వచ్చి చేరితే పొమ్మనలేకపోవడం. అటువంటప్పుడు నోటీసు ఇవ్వడానికి ముందు కేస్ మేనేజరుకు ఫోన్ చేయండి. ఆమె నంబరు ఒప్పందం నాడే రాసి పెట్టుకోండి. సమస్య రెండో నెలలో చెబితే సర్దుతారు. ఆరో నెలలో కోర్టు కాగితంతో చెబితే ఎవరూ ఏమీ చేయలేరు.

అద్దెదారును ఎంచుకునేటప్పుడు మిగతావారికి పెట్టే నియమాలే ఈయనకూ పెట్టవచ్చు. అయితే అప్పుల చరిత్ర ఒక్కటే చూసి వద్దనడం న్యాయం కాదనుకుంటాను. వీధిన పడిన మనిషికి మంచి క్రెడిట్ స్కోరు ఎక్కడి నుంచి వస్తుంది? కొన్ని రాష్ట్రాల్లో, నగరాల్లో వోచర్ ఉందన్న కారణంగా ఇల్లు నిరాకరించడమే చట్టవిరుద్ధం కాబట్టి, కాదనే ముందు మీ ఊరి నియమం కనుక్కోండి. వోచర్ చేతిలో ఉండి కూడా ఇచ్చే ఇంటివారు దొరకక, గడువులోగా వాడుకోలేక పోగొట్టుకునేవారు ఉన్నారు. మీ ఆవిడ గారి భయాన్ని తేలిక చేయను కానీ, మూడింటిలో ఒకటి ఒక ఏడాదికి ఇచ్చి చూడమని నా సలహా.

ప్రశ్న: తాగుడు మానకుండా ఇల్లు ఇస్తే అది సాయమా, అలవాటును పోషించడమా? ముందు మానిపించి, తర్వాత ఇల్లు ఇవ్వడం కదా పద్ధతి?
— న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు

జవాబు: చాలా కాలం పద్ధతి అదే. షెల్టరు, అక్కడ క్రమశిక్షణ, మందు మానినట్లు రుజువు, ఆ తర్వాత తాత్కాలిక వసతి, చివర ఎప్పుడో ఇల్లు. మెట్టు మెట్టుకూ కొందరు జారి మళ్లీ కిందికే వచ్చేవారు. 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త దీన్ని తిరగేసి, ముందు ఇల్లు ఇచ్చి చికిత్సను ఆ ఇంటికే తీసుకువెళ్లడం మొదలుపెట్టారు. హౌసింగ్ ఫస్ట్ అన్న పేరు అక్కడి నుంచి వచ్చింది. వి.ఏ. కూడా 2012 ప్రాంతం నుంచి ఆ దారినే పట్టింది.

నిజాయితీగా చెప్పాలంటే, ఈ పద్ధతిలో ఇల్లు నిలుపుకునేవారి సంఖ్య ఎక్కువని పరిశోధనలు చెబుతాయి తప్ప, ఇల్లు ఇచ్చినంత మాత్రాన తాగుడు మానేస్తారని చెప్పవు. దీన్ని విమర్శించేవారు పట్టుకునేది ఆ రెండో మాటనే. 2025 జూలైలో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వు ఈ పద్ధతికి ఫెడరల్ మద్దతు ఆపాలని ఆదేశించింది కూడా. నా మొగ్గు మాత్రం ఇల్లు ముందు ఇవ్వడం వైపే. మందులు ఫ్రిజ్‌లో పెట్టుకోవలసిన మనిషికి ఫ్రిజ్ లేదు. డాక్టరు ఇచ్చిన తేదీ గుర్తుపెట్టుకోవలసిన మనిషి నిన్న రాత్రి వాన వల్ల నిద్రపోలేదు. అటువంటివాడిని వీధిలోనే ఉంచి మానమనడం నాకు వైద్యంగా కనిపించదు. ఇది అందరికీ పొసుగుతుందనీ అనను. చుట్టూ తాగేవాళ్లు ఉంటే తాను నిలవలేనని చెప్పి, మందు నిషేధించిన వసతి కావాలని కోరుకునేవారు ఉంటారు. వారికి అదే ఇవ్వాలి. వి.ఏ. డబ్బుతో నడిచే తాత్కాలిక వసతి గృహాల్లో 24 నెలల వరకు ఉండే వీలుంది.

ప్రశ్న: ఇంత డబ్బున్న దేశంలో సైనికుడు వీధిన పడటం ఏమిటి? వారికి పింఛను ఉండదా?
— గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఉండనివారే ఎక్కువ. అక్కడ నెలనెలా వచ్చే సైనిక పింఛనుకు మామూలుగా 20 ఏళ్ల సేవ కావాలి. నాలుగేళ్లో ఎనిమిదేళ్లో చేసి వచ్చేసినవారికి అది రాదు. సేవలో కలిగిన గాయానికి, జబ్బుకు పరిహారం వేరే ఉంది కానీ, అది దరఖాస్తు పెట్టి రుజువు చేసుకుంటే వచ్చేది. పైగా విడుదల పత్రం మీద ‘గౌరవప్రదం’ అన్న మాట లేకపోతే చాలా సౌకర్యాలకు అడ్డు తగులుతుంది. మనసుకు తగిలిన గాయం వల్ల చేసిన తప్పుకే ఆ ముద్ర పడి ఉండవచ్చు. విడుదలై 15 ఏళ్లలోపు అయితే దాన్ని మార్చమని సమీక్ష బోర్డును కోరే హక్కు ఉంది, ఆ గడువు దాటితే రికార్డుల సవరణ బోర్డు ఉంది. ఇక ఆ దేశానికి ఈ సిగ్గు కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడినవారు తమకు 1945లో ఇస్తామన్న బోనసును ముందే ఇవ్వమని 1932లో వేల సంఖ్యలో వాషింగ్టన్ వచ్చి గుడిసెలు వేసుకుంటే, జూలై 28న జనరల్ మెకార్థర్ నాయకత్వంలో సైన్యమే వారిని తరిమింది, గుడిసెలు తగలబడ్డాయి. ఆ అవమానం మళ్లీ జరగకూడదన్న ఆలోచన 1944 నాటి జి.ఐ. బిల్లు వెనుక, అంటే తిరిగి వచ్చిన సైనికులకు చదువు, ఇంటి రుణం వంటి సాయం చేసిన చట్టం వెనుక, ఉంది.

ప్రశ్న: మాకు రెండు చిన్న హోటళ్లు ఉన్నాయి. ఇటువంటివారిలో ఒకరికి పని ఇవ్వాలని ఉంది. ఎక్కడ అడగాలి, ఎలా చూసుకోవాలి?
— నార్త్ కరోలినా నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఎక్కడ అన్నది సులువు. కార్మిక శాఖ డబ్బుతో స్థానిక సంస్థలు నడిపే హెచ్.వి.ఆర్.పి. అనే కార్యక్రమం సరిగ్గా దీని కోసమే ఉంది. మీ ఊరి అమెరికన్ జాబ్ సెంటరుకు వెళ్లి మాజీ సైనికుల విషయం చూసే ఉద్యోగిని కలిసినా దారి చూపుతారు. వి.ఏ. ఆసుపత్రిలో వృత్తి పునరావాస విభాగం ఉంటుంది, వారూ మనుషులను పంపుతారు.

ఎలా అన్నది కాస్త ఆలోచించవలసిన విషయం. 2018లో వెలువడిన ఒక వి.ఏ. అధ్యయనంలో, భయానక అనుభవాలతో మనసు దెబ్బతిన్న 541 మంది మాజీ సైనికులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ముందు తాత్కాలికమైన పని ఇచ్చి అలవాటు చేశారు; ఇంకో జట్టులో ప్రతి మనిషికీ తాను కోరిన అసలు ఉద్యోగమే వెతికి, చేరిన తర్వాత కూడా ఒక నిపుణుడు వెన్నంటి ఉన్నాడు. నిలకడగా పనిచేసినవారు మొదటి జట్టులో 23.3 శాతం, రెండో జట్టులో 38.7 శాతం. దీన్నిబట్టి మీరు గ్రహించవలసింది, ‘ఏదో ఒకటి’ అని గదులు ఊడ్చే పని చూపించేయకుండా, ఆయనకు ఏది వచ్చో అడగడం ముఖ్యమని. ఏసీ మరమ్మతు వచ్చినవాడు మీకు హోటల్లో ఎంత అవసరమో మీకే తెలుసు. అయితే సైన్యంలో నేర్చినదానికి బయట లైసెన్సు ఉండకపోవచ్చు. సైన్యంలో లారీలు నడిపినవారికి డ్రైవింగ్ పరీక్ష మినహాయింపు ఉంది కానీ, ఆ పని వదిలిన ఏడాదిలోపే. వీధిలో మూడేళ్లు గడిపినవాడికి అది ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అటువంటి పరీక్ష రుసుమును హెచ్.వి.ఆర్.పి. నడిపే సంస్థ చేత కట్టించగలరేమో అడిగి చూడండి.

రెజ్యూమెలో ఆ మూడేళ్ల ఖాళీ గురించి ఒకసారి అడిగి, ఏ జవాబు వస్తే దానితో వదిలేయండి. రాత్రి షిఫ్టు వేసే ముందు నిద్ర సంగతి, షెల్టరు తలుపులు మూసే వేళ సంగతి కనుక్కోండి. చాలా షెల్టర్లు సాయంత్రం నిర్ణీత వేళకు లోపల లేకపోతే పడక ఇంకొకరికి ఇచ్చేస్తాయి, కాబట్టి మీరు ఇచ్చిన షిఫ్టే ఆయన పడక పోగొట్టవచ్చు. మొదటి జీతం రెండు వారాలకు వస్తుందంటే ఆ రెండు వారాల బస్సు ఖర్చు ఎవరిదన్నది ఆలోచించండి. అడ్వాన్సుగా ఇవ్వండి, జీతంలో పట్టుకోండి.

పనిలో చేరడానికి వెనుకాడటం కూడా మీకు కనిపించవచ్చు. దాన్ని బద్ధకం అనుకోవద్దు. సంపాదిస్తే వచ్చేది పోతుందన్న భయం చాలామందిలో ఉంటుంది, అందులో కొంత నిజమూ ఉంది. సేవలో కలిగిన వైకల్యానికి వచ్చే పరిహారం సాధారణంగా జీతం వల్ల తగ్గదు. ‘పని చేయలేడు’ అన్న ప్రాతిపదిక మీద ఎక్కువ రేటు తీసుకుంటుంటే మాత్రం తగ్గవచ్చు. ఆదాయం తక్కువ ఉన్నవారికిచ్చే వి.ఏ. పింఛను తగ్గుతుంది. సోషల్ సెక్యూరిటీ వైకల్య భృతి ఉంటే, తొమ్మిది నెలల పాటు పని చేసి చూసే వెసులుబాటు ఉంది. వోచర్ ఇంట్లో ఉంటే అద్దె వాటా పెరుగుతుంది. ఇవన్నీ లెక్క వేసి చెప్పగల మనిషి అమెరికన్ లీజియన్, డి.ఎ.వి. వంటి మాజీ సైనికుల సంఘాల్లో ఉచితంగా దొరుకుతారు. మొదటిసారి పరిహారం దరఖాస్తు పెట్టించడానికి ఎవరైనా డబ్బు అడిగితే అది చట్టానికి విరుద్ధమని ఆయనకు చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయి హైస్కూల్లో చదువుతోంది. తరగతి పిల్లలంతా కలిసి దుప్పట్లు పోగు చేద్దామనుకుంటున్నారు. మంచి ఆలోచనేనా?
— అట్లాంటా నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మంచిదే కానీ, దుప్పట్లు చాలామంది ఇస్తారు. వోచర్ మీద ఇల్లు దొరికిన మనిషి మొదటి రోజు రాత్రి ఖాళీ గదిలో అడుగుపెడతాడు. వోచర్ డబ్బుతో గరిటె కూడా కొనడానికి ఉండదు. పిల్లల్ని ఒక్కో ఇంటికి ఒక్కో బకెట్ సిద్ధం చేయమనండి. బకెట్ కూడా ఉపయోగపడుతుంది. అందులో ఒక గిన్నె, డబ్బాలు తెరిచే కత్తి, స్నానాల గది పరదా, తువ్వాలు, బల్బు, చీపురు, గోడ గడియారం, రెండు పళ్లేలు. పళ్లేలు రెండు ఉండాలని మా షెల్టరులో కేస్ మేనేజరుగా ఉండే ఆమె పట్టుబడుతుంది. ఇవి సిద్ధం చేసే ముందు వి.ఏ. ఆసుపత్రిలోని స్వచ్ఛంద సేవల విభాగానికి ఫోన్ చేసి, ఈ నెలలో ఎన్ని ఇళ్లలో చేరుతున్నారో కనుక్కోండి.